ఇనుము దిగిన దారిలో సైకిలు

వలెన్సియాలో సైకిల్ తొక్కేవాళ్ళకు కొండ ఎక్కడానికి ఒక సులువైన పద్ధతి ఉంది: రైలెక్కడం. పొద్దున్నే సైకిలుతో సహా తెరుయెల్ వైపు వెళ్ళే బండిలో కూర్చుంటారు. స్పెయిన్ తూర్పు తీరంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న నగరం వలెన్సియా. బండి మెల్లగా కొండల్లోకి ఎక్కి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున బర్రాకాస్ అనే చిన్న ఊళ్ళో దింపుతుంది. అక్కడి నుంచి కిందికి, అల్హిమియా దె అల్ఫారా అనే పల్లె దాకా, సుమారు 68 కిలోమీటర్ల కంకర బాట. అక్కడక్కడ అడ్డం వచ్చే పల్లెదారులు, పొలానికి పోయే ట్రాక్టరు తప్పిస్తే బండ్ల బెడద లేదు. మొత్తం మీద ఎనిమిది వందల మీటర్ల దిగుడు.

ఈ బాట మీద ఎక్కువగా కనబడేది గ్రావెల్ బైక్. చూడ్డానికి రేసు సైకిల్లాగే వంకీ హ్యాండిల్ ఉంటుంది, టైర్లు మాత్రం 40 మిల్లీమీటర్లు, ఆపైన వెడల్పు. తారు మీద చురుగ్గా పోవాలి, మట్టి మీద జారకూడదు అనుకునేవాళ్ళ కోసం చేసిన బండి. గత పదేళ్ళ పైచిలుకులో యూరప్, అమెరికాల్లో దీని గిరాకీ పెరగడానికి పెద్ద కారణం కార్లే. తారు రోడ్ల మీద కార్లతో వేగలేక జనం మట్టి దారులు వెతుక్కున్నారు. మరి కార్లు లేని దారులు ఎక్కడినుంచి వచ్చాయి? వలెన్సియా చుట్టుపక్కల చూస్తే ఒక్క సంగతి స్పష్టంగా తెలుస్తుంది. వాటిలో మంచివేవీ సైకిళ్ళ కోసం వేసినవి కావు. ఒకటి ఇనుప ఖనిజం కోసం, ఇంకొకటి ప్రయాణికుల రైలు కోసం, మరొకటి వరద నీటి కోసం ఏర్పడింది. ఆ అవసరం తీరిపోయింది, దారి మిగిలింది. ఈ పాత అవసరాల భౌతికశాస్త్రమే ఇవాళ సైకిల్ వాడి కాళ్ళకు సుఖం.

బర్రాకాస్ బాట సంగతే చూడండి. 1900లో రామోన్ దె లా సోతా, ఎదువార్దో అస్నార్ అనే బాస్క్ వ్యాపారులు సియెర్రా మెనేరా గనుల కంపెనీ పెట్టారు. తెరుయెల్ రాష్ట్రంలో ఓహోస్ నెగ్రోస్ దగ్గర తవ్విన ఇనుప ఖనిజాన్ని వలెన్సియాకు ఉత్తరాన సగుంతో తీరానికి చేర్చాలి. అప్పటికే అటుగా ఒక రైల్వే కంపెనీ లైను ఉంది. కానీ రవాణా రేటు దగ్గర బేరం కుదరలేదు. కుదరకపోతే ఏం చేశారంటే, దాని పక్కనే, చాలాచోట్ల కూతవేటు దూరంలో, సొంతంగా ఇంకో లైను వేసుకున్నారు. మీటరు గేజి, 200 కిలోమీటర్లకు పైగా. 1907లో బండ్లు నడవడం మొదలైంది. సముద్రం ఒడ్డున రేవు కట్టారు, తర్వాత కొలిమి కట్టారు, వాటి చుట్టూ పుయెర్తో దె సగుంతో అనే ఊరే పుట్టుకొచ్చింది. కిరండూల్ నుంచి అరకు మీదుగా విశాఖ రేవుకు ఖనిజం దించే లైను చూసినవాళ్ళకు ఈ కథలో కొత్తేమీ ఉండదు: పైన గని, కింద ఓడ, మధ్యలో సొరంగాలు, వంతెనలు. మనది ఇంకా నడుస్తోంది. వాళ్ళది 1972లో ఆగిపోయింది. ఖనిజాన్ని ఆ తర్వాత పక్క లైను మీదే, అప్పటికి ప్రభుత్వ రైల్వేదైపోయిన ఆ పాత పోటీదారు లైను మీదే, తెచ్చుకున్నారు. 1984లో సగుంతో కొలిమి కూడా ఆరిపోయింది. ఒక బ్లాస్ట్ ఫర్నేసును మాత్రం పడగొట్టకుండా ఉంచారు, ఇప్పుడూ చూడొచ్చు.

అప్పట్లో రేటు కుదరని లైనే ఇప్పుడు సైకిళ్ళను పైకి మోసుకెళ్తోంది. దాన్ని కాదని వేసుకున్న లైను మీదుగా అవి కిందికి దొర్లుతున్నాయి. పంతానికి వేసిన లైను ఇంతకంటే బాగా ఉపయోగపడడం కష్టం.

స్పెయిన్‌లో మూతపడ్డ రైలు మార్గాలను నడకకూ సైకిళ్ళకూ ఇచ్చే ‘వియా వెర్దె’ పథకం 1993లో మొదలైంది. వియా వెర్దె అంటే పచ్చబాట. దేశమంతా కలిపి ఇలాంటివి ఇప్పుడు 3,000 కిలోమీటర్లు దాటాయి. ఓహోస్ నెగ్రోస్ పచ్చబాట తెరుయెల్ రాష్ట్రంలోని భాగాన్ని కూడా కలుపుకుంటే 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దేశంలోని అతి పొడవైన వాటిలో ఒకటి.

రైలు పోయిన దారి సైకిలుకు ఎందుకంత హాయి? ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం చాలా తక్కువ. బండి బరువులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. చదునుగా ఉంటే వెయ్యి టన్నుల బండిని ఒకటి రెండు టన్నుల బలంతో లాగేయవచ్చు. అదే నూటికి రెండు మీటర్లు ఎక్కాలంటే, వాలు ఒక్కటే బరువులో యాభయ్యో వంతు వెనక్కి లాగుతుంది. అంటే కావలసిన బలం ఒక్కసారిగా పది ఇరవై రెట్లు. దానికి తోడు ఉక్కు మీద ఉక్కు నున్నగా ఉంటుంది కాబట్టి ఇంజను ఎంత బలమైనదైనా చక్రాలు జారి అక్కడే తిరుగుతాయి. అందుకే రైలు ఇంజనీరుకు ఎత్తు అంటే భయం. కొండ అడ్డొస్తే చుట్టూ తిప్పుతాడు, తొలుస్తాడు. లోయ వస్తే వంతెన వేస్తాడు. ఎంత ఖర్చయినా వాలును మాత్రం పెరగనివ్వడు.

ఇప్పుడు మనిషిని ఎక్కించి చూద్దాం. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలు అనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో రెండు శాతం వాలు ఎక్కుతున్నాడు. గురుత్వాకర్షణను గెలవడానికి 65 వాట్లు, కంకర మీద టైరు నిరోధానికి పాతిక, గాలికి ఇంకో పదిహేడు. మొత్తం 110 వాట్ల లోపు. అలవాటున్న మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగిన శక్తి అది. అదే వేగంతో పక్కనున్న పల్లెరోడ్డు మీద ఎనిమిది శాతం ఎక్కుడు ఎక్కాలంటే 300 వాట్లు దాటుతుంది. అది రేసుల్లో తిరిగేవాళ్ళ పని. మిగతావాళ్ళం దిగి నడిపించుకుంటాం.

దిగేటప్పుడు లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. రెండు శాతం దిగుడులో, పెడల్ ముట్టకుండా, సైకిలు తనంతట తాను గంటకు 22 కిలోమీటర్ల దగ్గర నిలదొక్కుకుంటుంది. బర్రాకాస్ నుంచి అల్హిమియా దాకా సగటు వాలు ఇంకా తక్కువ, 1.2 శాతం చుట్టుపక్కల. దాని మీద 13 కిలోమీటర్లు. బ్రేకు పట్టుకుని చేతులు నొప్పెట్టే వేగం కాదు. వెంట పిల్లలున్నా భయం లేదు. హెరికా, నవాహస్, సెగోర్బె ఊళ్ళ మీదుగా, సొరంగాల్లోంచి, వయాడక్టుల మీదుగా దొర్లిపోవచ్చు. సొరంగాల కోసం సైకిలుకు లైటు పెట్టుకోండి.

కానీ ఈ సుఖానికి ఒక షరతుంది: గాలి.

ఎండాకాలంలో మధ్యధరా తీరాన పొద్దెక్కేకొద్దీ నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు అంత తొందరగా వేడెక్కదు. నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి చొరబడుతుంది. మధ్యాహ్నానికి ఆ సముద్రపు గాలి లోయల వెంట లోపలి దాకా వస్తుంది. కొండ నుంచి తీరానికి దిగేవాడికి అది ఎదురుగాలి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్లతో పోయేవాడికి ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీస్తే నిరోధం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అంకెల్లో అది 16, 17 న్యూటన్లు. రెండు శాతం వాలు మనను కిందికి లాగే బలం కూడా దాదాపు అంతే, 16 న్యూటన్ల లోపు. అంటే మధ్యాహ్నం గాలి లేచాక దిగుడు దారి కాస్తా చదును దారైపోతుంది. పడమటి నుంచి ‘పొనెంత్’ అనే వేడి పొడిగాలి వీచే రోజుల్లో ఇదే లెక్క తిరగబడి వెనక నుంచి తోస్తుంది. అయితే ఆ రోజుల్లో ఎండ పేల్చేస్తుంది, అడవులకు నిప్పు భయం కూడా అప్పుడే. ఏ విధంగా చూసినా మొదటి బండికి వెళ్ళడమే తెలివైన పని.

ఇక బాట ఉపరితలం. మంచి గ్రావెల్ బాట అంటే కంకర కుమ్మరించి వదిలేసింది కాదు. మన ఊళ్ళలో గ్రావెల్ రోడ్డు, మొరం రోడ్డు వేయించిన మేస్త్రీకి తెలుసు ఈ రహస్యం. పెద్ద రాళ్ళు బరువు మోస్తాయి, చిన్న చిప్స్ వాటి సందుల్లో కూరుకుంటాయి, రాతిపొడీ కాస్త బంకమన్నూ తడిసి ఆరి మొత్తాన్ని పట్టి ఉంచుతాయి. తడిపి రోలరు తిప్పాలి. పొడి తక్కువైతే రాళ్ళు విడివిడిగా దొర్లుతాయి, టైరు కూరుకుపోతుంది. బంకమన్ను ఎక్కువైతే మొదటి వానకే అంటుకుంటుంది. నీళ్ళు నిలవకుండా నడుమ కొద్దిగా ఉబ్బు, పక్కన కాలువ ఉండాలి. రైలు కట్ట మీద ఆ పని ఎప్పుడో అయిపోయింది. నీళ్ళు నిలిస్తే పట్టా కుంగుతుంది కాబట్టి కట్టకు మంచి పునాది, రెండు పక్కలా మురుగు దారి ముందే ఉన్నాయి.

కార్లు లేకపోవడం వల్ల బాటకు ఇంకో లాభం ఉంది. మట్టి రోడ్ల మీద వేగంగా బండ్లు తిరిగితే కొన్నాళ్ళకు అడ్డంగా వరసగా గట్లు లేస్తాయి. వాటి మీద పోతే పళ్ళు కదిలిపోతాయి. స్ప్రింగుల వల్ల బండి ఎగిరెగిరి పడడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. 2007లో నికొలా తబెర్లే, స్టీఫెన్ మోరిస్, జిమ్ మెక్ఎల్వేన్ అనే శాస్త్రవేత్తలు గుండ్రంగా తిరిగే పళ్ళెంలో ఇసుక పోసి, దాని మీద ఒక చక్రాన్ని దొర్లించి చూశారు. చక్రానికి స్ప్రింగు లేకపోయినా గట్లు లేచాయి. ఇసుక రకం మార్చినా లేచాయి. వేగం ఒక హద్దు దాటడమే అసలు కారణం. ఆ హద్దు లోపల ఇసుక చదునుగానే ఉంటుంది. చిక్కేమిటంటే, కార్ల విషయంలో ఆ హద్దు ఎంత తక్కువంటే అంత నెమ్మదిగా ఎవరూ నడపరు. కాబట్టి మోటారు బండ్లకు గేటు వేయడం సైకిల్ వాడి ప్రాణానికే కాదు, బాట ప్రాణానికి కూడా రక్ష.

టైర్లలో గాలి ఎంత ఉండాలన్నది ఎప్పుడూ గొడవే. గట్టిగా కొట్టిస్తే తేలిగ్గా పోతుందని మన సైకిల్ షాపుల్లో అనాదిగా నమ్మకం. నున్నటి తారు మీద అందులో నిజం ఉంది. రబ్బరు నొక్కుకుని మళ్ళీ తేరుకునే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. గాలి గట్టిగా ఉంటే నొక్కుకోవడం తగ్గుతుంది. కంకర మీద కథ మారుతుంది. గట్టి టైరు ప్రతి రాయికీ నొక్కుకోకుండా మొత్తం సైకిలునూ మనిషినీ పైకి ఎత్తిపడేస్తుంది. ఆ కుదుపు తొడల్లో, పొట్టలో, భుజాల్లో ఇంకిపోతుంది. అదంతా పెడల్ మీద మనం పెట్టిన శక్తే. అందుకే గ్రావెల్ టైర్లలో 30 నుంచి 40 పీఎస్‌ఐ పెడతారు, రేసు సైకిలు టైరులో పెట్టేదానిలో సగానికి అటూ ఇటూ. టైరు నేలను తాకే జాగా కూడా దీన్ని బట్టే ఉంటుంది. వెనక చక్రం మీద 40 కిలోలు పడుతుంటే, 35 పీఎస్‌ఐ దగ్గర ఆ జాగా సుమారు 16 చదరపు సెంటీమీటర్లు. 90 పీఎస్‌ఐ అయితే ఆరుంపావు, ఆరున్నర. పట్టు ఎక్కడ ఎక్కువో వేరే చెప్పాలా? ఇక్కడి కొండల్లో అలియాగా అనే ముళ్ళపొద విరివిగా ఉంటుంది. ట్యూబు లేని టైరులో ద్రవ సీలెంటు పోసుకుంటే ముల్లు గుచ్చుకున్నా చిల్లును అదే పూడ్చుకుంటుంది.

నగరం నుంచి నేరుగా బయల్దేరాలనుకునేవాళ్ళకు వియా చుర్రా ఉంది. ఇది కూడా చచ్చిపోయిన రైలు దారే. వలెన్సియా ఉత్తరపు అంచు నుంచి పుసోల్ దాకా సుమారు 15 కిలోమీటర్లు. ఓర్తా అనే కూరగాయల మైదానం గుండా పోతుంది. ఎత్తుపల్లాలు లేవు, చూడ్డానికి పొలాలున్నాయి. అల్బొరాయా దగ్గర చూఫా అనే గడ్డను పండిస్తారు. దాన్ని నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, చక్కెర కలిపి ఓర్చాతా అనే చల్లని పానీయం చేస్తారు. చూఫా మొక్కను దగ్గరగా చూస్తే తెలుగు రైతు గుండె గుభేలుమంటుంది. అది తుంగ! మన చేలల్లో ఎంత పీకినా పోని తుంగకు దగ్గరి చుట్టం, అదే సైపెరస్ జాతి. మనం గడ్డలు ఏరి గట్టున పారేసే వంశాన్ని వాళ్ళు వరసలుగా నాటి, నీళ్ళు పెట్టి, పేరు ముద్ర వేసి అమ్ముకుంటున్నారు.

ఈ పొలాలకు నీళ్ళు తూరియా నది నుంచి, అరబ్బుల పాలన నాటి కాలువల్లో వస్తాయి. కాలువ వాలు కత్తి మీద సాము. ఎక్కువైతే నీరు గట్లను కోసేస్తుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. ఈ రెంటి మధ్య సరైన వేగానికి 1895లో పంజాబ్ కాలువల మీద కొలతలు తీసి కెన్నెడీ ఇచ్చిన సూత్రాన్ని మన ఇరిగేషన్ ఇంజనీర్లు కాలేజీలో చదువుకునే ఉంటారు. వలెన్సియా రైతులు సూత్రం లేకుండానే, అంతకు శతాబ్దాల ముందు, కంటి కొలతతో ఆ వేగాన్ని పట్టుకున్నారు. కాలువ గట్ల మీద సైకిలు హాయిగా సాగడానికి కారణం ఆ జాగ్రత్తే. నీటి తగాదాలు తీర్చడానికి ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి వలెన్సియా కేథడ్రల్ గుమ్మం ముందు రైతుల నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. విచారణంతా నోటిమాటగానే. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

దక్షిణాన అల్బుఫేరా సరస్సు, దాని చుట్టూ వరి మడులు. గట్ల మీద దారులు బాగుంటాయి, వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు. ఆ బంకమన్ను చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఎలా ఇరుక్కుంటుందో వరి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఉత్తరాన కాల్దెరోనా కొండల్లో అడవి బాటలు వేరే రకం. ఎర్రని రొదేనో ఇసుకరాయి ఉన్నచోట నేల గరుకుగా, పట్టు బాగా ఉంటుంది. సున్నపురాయి వచ్చిందంటే అంచులు పదునైన రాళ్ళు. అక్కడ వాలు నిటారు, రైలు ఇంజనీరు దయ లేదు. కొత్తవాళ్ళకు నేను సిఫారసు చేయను.

అన్నిటికంటే విచిత్రమైన దారి ఊరి నడిబొడ్డున ఉంది. 1957 అక్టోబరు 14న తూరియా నది పొంగి వలెన్సియాను ముంచేసింది. పదుల మంది చనిపోయారు. ఆ తర్వాత నదినే ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్ళించారు. సెకనుకు 5,000 ఘనపు మీటర్లు పారేలా, 12 కిలోమీటర్ల పొడవున తవ్విన కాలువ అది. ఖాళీ అయిన పాత నదీగర్భంలో పెద్ద మోటారు రోడ్డు వేయాలని అధికారులు అనుకున్నారు. జనం ఒప్పుకోలేదు. నది పడక మాది, మాకు పచ్చగా కావాలని ఉద్యమం చేశారు, గెలిచారు. 1980ల్లో తోట పని మొదలైంది. ఇప్పుడది తొమ్మిది కిలోమీటర్ల పొడవైన పార్కు.

సైకిల్ వాడికి దాని గొప్పతనం చెట్లలో లేదు, వంతెనల్లో ఉంది. నది ఉన్నప్పుడు కట్టిన పాత వంతెనలు, తర్వాత కట్టినవి, అన్నీ తల మీదుగా పోతాయి. కార్లన్నీ పైన, సైకిలు కింద. సిగ్నలు లేదు, కూడలి లేదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒకసారి పూర్తిగా ఆగితే, మళ్ళీ ఆ వేగం అందుకోవడానికి సుమారు 1,200 జౌళ్ళ శక్తి కావాలి. వంద వాట్ల మనిషికి అది పన్నెండు సెకన్ల శ్రమ. మామూలు వీధిలో తొమ్మిది కిలోమీటర్లలో ఎన్ని సిగ్నళ్ళో లెక్కేసుకోండి. ఆదివారాలు మాత్రం పిల్లలు, కుక్కలు, పుట్టినరోజు పార్టీలు. అక్కడ వేగం చూపించాలనుకోవడం తెలివితక్కువతనం. పడమటి చివర నుంచి నది వెంట తూరియా సహజ పార్కులోకి మట్టి బాట సాగిపోతుంది. అసలు సిసలైన గ్రావెల్ అక్కడ మొదలవుతుంది.

నదిని మళ్ళించినంత మాత్రాన వరద భయం పోలేదు. 2024 అక్టోబరు 29న వలెన్సియా వెనక కొండల్లో తురీస్ దగ్గర ఒక్క రోజులో 770 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడేదానికి దాదాపు సమానం. పై వాతావరణంలో ప్రధాన ప్రవాహం నుంచి తెగిపోయిన చల్లగాలి గుండం ఒకచోట నిలిచిపోతుంది. వేసవంతా కాగిన సముద్రం నుంచి తేమ గాలి దాని కిందికి వచ్చి కొండలకు కొట్టుకుని పైకి లేస్తుంది. శరదృతువులో ఈ తీరానికి ఇది పాత శత్రువు. కొత్త కాలువ నగరాన్ని కాపాడింది. దానికి దక్షిణాన, పోయో వాగు పొంగిన పైపోర్తా లాంటి ఊళ్ళు మునిగాయి. వలెన్సియా రాష్ట్రంలో 220 మందికి పైగా చనిపోయారు. వాతావరణ శాఖ ఆ ఉదయమే ఎర్ర హెచ్చరిక ఇచ్చింది. ఫోన్లకు ప్రభుత్వం పంపిన హెచ్చరిక మాత్రం రాత్రి ఎనిమిది దాటాకే వచ్చింది.

ఉద్యోగానికో చదువుకో యూరప్‌లో ఉన్న తెలుగువాళ్ళలో ఎవరైనా అక్కడికి వెళ్తే మార్చి, ఏప్రిల్, మే నెలలు మేలు. రైల్లో సైకిళ్ళకు చోటు తక్కువ, ముందే కనుక్కోండి. రెండు సీసాల నీళ్ళు తప్పనిసరి. అల్హిమియా నుంచి సగుంతో దాకా కొంత మేర మామూలు రోడ్డు మీదే పోవాలి, అక్కడ కార్లుంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు స్పెయిన్ వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. నారింజ, ఎరుపు రంగుల హెచ్చరిక ఉన్న రోజున, తలమీద ఎండ కాస్తున్నా సరే, వాగుల వెంటా నదీ బాటల వెంటా సైకిలు తీయకండి. వాన కొండల్లో పడుతుంది, నీళ్ళు కిందికి గంటల్లో వచ్చేస్తాయి.